లాభం, రెండు, మూడు

కంప్యూటరు గదిలోకి చెప్పులు విప్పి పోయే కాలం ఒకటుండేది. ఆ రోజుల్లో తిరుపతిలో ఏ వీధి మలుపు తిరిగినా మిద్దె మీద ఒక బోర్డు, బోర్డు మీద ఒక కంప్యూటరు బొమ్మ, కింద మెట్ల దగ్గర గుట్టగా చెప్పులు కనిపించేవి. లోపల ఏసీ. ఆ ఏసీ మాకు కాదు, కంప్యూటర్లకు. (మనుషులకు చెమట పోస్తే తుడుచుకుంటారు, వాటికి పోస్తే ఎవరు తుడుస్తారు అనేవారు మా సారు.) డిగ్రీ పరీక్షలు రాసి ఫలితాల కోసం ఊరికే కూర్చున్న నన్ను మా నాయన సత్యవేడు దగ్గరున్న మా పల్లె నుంచి తెచ్చి, తిరుపతిలో పిన్నమ్మ ఇంట్లో దింపి, ఆ మెట్లు ఎక్కించాడు. "బాగా నేర్చుకో పాపా. రేపు యాడికి పొయినా నిన్నెవురూ వెనక్కి నెట్టకూడదు" అని ఒక్క మాట చెప్పి బస్సెక్కి వెళ్ళిపోయాడు. చెనిక్కాయలు పండించే రైతు ఆయన. ఆయనకు తెలిసిన మిషన్లు రెండే, ఒకటి బావి మీది మోటారు, ఇంకొకటి చెనిక్కాయలు ఒలిచేది. రెండూ ఆయన మాట వినేవి కావు. మూడోదైనా ఇంట్లో ఒకరి మాట వింటే చాలని ఆశపడి ఉంటాడు.

ఆ మూడోది నాకు అంత సులువుగా లొంగలేదు. టైపింగు పాఠాలు ఎలాగో గట్టెక్కాయి గానీ, ఎక్సెల్ తెరిచిన మొదటి రోజు తెర నిండా గళ్ళు చూసి గుండె జారిపోయింది. ఇన్ని గళ్ళు నేను నింపాలా అనుకున్నాను. నింపేముందు అవి ఎక్కడిదాకా ఉన్నాయో చూసుకోవడం మంచిది కదా అని కింది బాణం మీద వేలు పెట్టి అదిమి పట్టుకున్నాను. గళ్ళు పోతూనే ఉన్నాయి. క్లాసు సగమైపోయింది, నా వేలు తిమ్మిరెక్కింది, అవి మాత్రం ఆగలేదు. సారు వెనక నిలబడి చాలాసేపే చూసినట్టున్నారు. "ఏం చేస్తా ఉండావమ్మా?" అన్నారు. "అడుగు ఎక్కడుందో చూస్తున్నాను సార్" అన్నాను. బావిలో నీళ్ళు ఎంత లోతున్నాయో రాయి వేసి చూసే ఇంటి పిల్లను, నా తప్పేముంది? ఆయన నవ్వలేదు పాపం. "అడుగు నీకెందుకమ్మా, పైన నాలుగు గళ్ళు నింపుకో. మీ ఇంట్లో లెక్క ఏదన్నా ఉంటే తెచ్చుకో. సొంత లెక్కయితే చెయ్యి తిరుగుతాది" అన్నారు.

సరిగ్గా అప్పుడే మా అక్క పెళ్ళి కుదిరింది. పెళ్ళి తిరుపతిలో, కల్యాణ మండపంలో. మగపెళ్ళివారు ఎంతమంది వచ్చేదీ వాళ్ళే చెప్పేశారు. మా వైపు ఎంతమంది అనేదే లెక్క తేలలేదు. పెళ్ళి పనులకని అమ్మా నాయనా పిన్నమ్మ ఇంట్లోనే దిగారు. నాయన ఒక అంకె అంటాడు, అమ్మ ఇంకొకటి అంటుంది, ఇద్దరిదీ కాదని పిన్నమ్మ మూడోది అంటుంది. భోజనం దగ్గర లోటు వస్తే ఎంత ఘనంగా చేసిన పెళ్ళయినా మాట పడాల్సిందే. మా ఊళ్ళో ఎప్పుడో ఒకరింటి పెళ్ళిలో చివరి బంతికి చారు మాత్రమే మిగిలిందట, ఆ ఇంటిని ఇప్పటికీ చారోళ్ళ ఇల్లనే అంటారు. నాయనకు ఆ భయం ఉండేది. ఎద్దులు జబ్బు పడితే కూడా తినే మనిషి, అన్నం సగంలో వదిలి లేచిపోతున్నాడు. నేను గొంతు సవరించుకుని, "నాయనా, ఈ లెక్క నేను కంప్యూటర్లో తీస్తాను" అన్నాను. ఆయన నా వైపు చూసిన చూపు నాకింకా గుర్తుంది. చెరువు నిండిందని ఎవరో వచ్చి చెప్పినట్టు చూశాడు.

ఊరి లెక్క మొత్తం మా అవ్వ తలకాయలో ఉంటుంది. కాబట్టి అవ్వ తిరుపతికి రావాల్సి వచ్చింది. సారు మధ్యాహ్నం బ్యాచి అయిపోయాక కూర్చోమన్నారు. అవ్వ మెట్ల దగ్గర చెప్పులు విప్పి (ఆమెకు చెప్పులు లేవు, ఊరికే కాళ్ళు దులుపుకుంది), లోపలికొచ్చి, ఏసీ చలికి కొంగు తలమీదుగా చుట్టుకుని, కంప్యూటరుకు ఒక దండం పెట్టి కుర్చీలో కాళ్ళు పైకి ముడుచుకుని కూర్చుంది. "సెప్తా ఉంటా, రాసుకో" అని కళ్ళు మూసుకుంది. మనసులోనే ఊళ్ళో నడవడం మొదలుపెట్టింది. ఉత్తరం వీధి మొదటి నుంచి ఇల్లిల్లూ దాటుకుంటూ పోతోంది. నేను ఒక గడిలో పేరు, పక్క గడిలో ఎంతమందో కొడుతున్నాను. పేరు పొడుగైతే పక్క గడి నింపగానే సగం మాయమైపోయేది. "అయ్యో, ఆ పిల్లోడి పేరు సగం మింగేసిందే" అని అవ్వ ఉలిక్కిపడింది. గడి వెడల్పు లాగి చూపించాక శాంతించి, "ఇరుగ్గా ఉంటే ఎవురు మాత్రం కూసుంటారు" అంది.

మా పక్క పిలుపులు రెండు రకాలు. దగ్గరి చుట్టాలకైతే ఇంటిల్లిపాదీ రావాలని చెబుతారు. తక్కిన ఊరికి ఇంటికొకరు అని చెబుతారు. పెళ్ళి తిరుపతిలో, పోయేది ఒక బస్సు. అందుకని ఊరిలో ముప్పాతిక మందికి ఇంటికొకరు పిలుపే. అలాంటి ఇల్లు మొదటిది రాగానే, "ఒకటా అవ్వా?" అంటూ అంకె మీద వేలు పెట్టాను. అవ్వ కళ్ళు తెరిచి నా చెయ్యి పట్టుకుంది.

"ఏం మాట మే అది. శుభమా అని పెండ్లి లెక్క రాస్తా, ఒంటి అంకె ఏస్తావా? లాభం అని రాయి."

ఇది తెలియని వాళ్ళకు చెప్పాలి. కళ్ళంలో పడితో గింజలు కొలిచేటప్పుడు మావాళ్ళు ఒకటి అని మొదలుపెట్టరు. మొదటి పడి లాభం, ఆ తర్వాత రెండు, మూడు. ఒకటి అంటే ఒంటరి, ఒంటరితో ఏదీ మొదలు కాకూడదని. అయితే అవ్వ ఆ మర్యాదను గింజలకే ఆపలేదు. పెళ్ళికి వచ్చే మనుషులు గింజల కంటే తక్కువా అని ఆమె వాదం. నాకూ అది న్యాయంగానే తోచింది. కంప్యూటర్లో తెలుగు రాదు కాబట్టి ఇంగ్లీషు అక్షరాల్లో LABHAM అని కొట్టాను. రెండో ఇంటికి మళ్ళీ లాభం. ఈసారి L అని కొట్టానో లేదో, మిగతా అక్షరాలన్నీ అదే వేసేసింది. నేను అదిరిపోయాను. అవ్వకు చూపించాను. ఆమె తెర వైపు వంగి, "దానికీ తెలిసిపొయ్యిందే. మంచి పుటక పుట్టింది" అని బుగ్గలు నొక్కుకుంది. అప్పటి నుంచి ఇద్దరికీ మిషను మీద గురి కుదిరిపోయింది. ఒక్క సంగతి మాత్రం నా కంటపడింది. అంకెలన్నీ గడిలో కుడివైపుకు జరిగి కూర్చుంటున్నాయి, లాభాలు మాత్రం ఎడమవైపుకు. అవ్వనడిగితే, "పెండ్లిలో కొంతమంది ఆ పక్క, కొంతమంది ఈ పక్క కూసోరా" అంది. అదీ న్యాయంగానే తోచింది. (ఆ వయసులో నాకు న్యాయంగా తోచని విషయం ఏదీ ఉండేది కాదు.)

ఊరంతా తిరిగి వచ్చాక అవ్వ, "నన్ను గూడా రాయి మే. మీ నాయన లెక్కలో కలపాకు. మీ తాత పోయినంక నాది వేరే ఇల్లే" అంది. ఉండేది మాతోనే, తినేది మా కుండలోదే. అయినా లెక్కలో వేరుగా ఉండాలంది. "ఎంత వెయ్యాలి అవ్వా?" అన్నాను నవ్వుతూ. "లాభం" అంది.

చివరన సారు నేర్పిన కూడిక మంత్రం వేసి ఎంటర్ కొట్టాను. రెప్పపాటులో అంకె వచ్చి నిలిచింది. అవ్వ లేచి మళ్ళీ దండం పెట్టింది. ప్రింటరు కీచుమంటూ కాగితం కక్కింది, రెండు అంచులా చిల్లులున్న కాగితం. నాయన దాన్ని చదువుకున్నాడు, తలకిందులుగా కూడా ఒకసారి చూశాడు. "నేననుకున్న దానికి సగమే ఉండాదే పాపా" అన్నాడు. నేను ఎంత నిబ్బరంగా చెప్పానో తలుచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి. "మనుషులకు అలవాటుగా ఎక్కువ అనిపిస్తుంది నాయనా. మిషనుకు అట్లాంటివి ఉండవు" అన్నాను. ఆయన ఆ కాగితం మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. ఆ రోజు అన్నం కడుపునిండా తిన్నాడు. వంటాయనకు ఆ అంకే చెప్పాడు. వంటాయన, "మీ ఊరు పెద్దది కదన్నా" అని నసిగితే, "నా బిడ్డ తీసింది లెక్క" అని ఊరుకున్నాడు.

పెళ్ళి రోజు పొద్దున పన్నీరు బుడ్డి పట్టుకుని మండపం గడపలో నిలబడింది నేనే. మగపెళ్ళివారు వచ్చి సర్దుకున్నారు, దగ్గరి చుట్టాలు వచ్చేశారు. ముహూర్తం కొంచెంసేపు ఉందనగా పుత్తూరు మీదుగా మా ఊరి బస్సు వచ్చి ఆగింది. ఒక్కొక్కరే దిగుతున్నారు. పన్నీరు చల్లుతూ నేను మనసులో వరస చెప్పుకుంటున్నాను. ఈయన ఉత్తరం వీధి మొదటి ఇల్లు, లాభం. ఈమె రేగిమాను కాడ ఇల్లు, లాభం. గర్వంగానే ఉంది, నా గళ్ళలోంచి మనుషులు నడిచొస్తున్నట్టు. బస్సు మాత్రం ఖాళీ కావడం లేదు. సీట్లలో కూర్చున్నవాళ్ళు అయిపోయాక నిలబడి వచ్చినవాళ్ళు దిగారు, వాళ్ళు అయ్యాక పైన ఎక్కి వచ్చినవాళ్ళు నిచ్చెన పట్టుకుని దిగారు. వంటాయన భుజాన తువ్వాలుతో నా పక్కకొచ్చి నిలబడి ఆ దిగడం చూశాడు.

"పాపా, వీళ్ళంతా నీ కాగితంలో ఉండారా?" అన్నాడు మెల్లగా.

"ఉన్నారు. ఒక్కరు కూడా తప్పలేదు" అన్నాను. పన్నీరు బుడ్డి ఆయన చేతికే ఇచ్చి, నాయన దగ్గరికి పరిగెత్తి, జేబులోంచి కాగితం లాక్కుని స్తంభం చాటుకు వెళ్ళాను. పేర్లన్నీ ఉన్నాయి. వేళ్ళ మీద కూడడం మొదలుపెట్టాను. అంకెలు మాత్రం కూడితే, అంటే కుడిపక్క కూర్చున్నవి మాత్రం కూడితే, కింద ఉన్న అంకె వచ్చేసింది. ఎడమపక్క లాభాలన్నీ ఊరికే కూర్చుని ఉన్నాయి, ఎవరూ ఆకు వేయని వాళ్ళలాగా. మిషను వాటిని మాటలనుకుంది. మాటలను ఎవరు కూడతారు? పోనీ ఒక కేక అయినా వేసిందా అంటే అదీ లేదు. నెమ్మదిగా పక్కకు తప్పించి, మిగతావి చక్కగా కూడి పెట్టింది. బస్సు నిండా దిగిన మా ఊరు మొత్తం దాని లెక్కలో సున్న.

నాయన దగ్గరికి పోయి కాగితం చూపించి జరిగింది చెప్పాను. తాళి కట్టడానికి ఇంకా కొంత సమయం ఉంది, అక్క పీటల మీద ఉంది, వంటశాలలో సగం మందికే కూడు ఉంది. చారోళ్ళ ఇల్లు గుర్తొచ్చింది. మమ్మల్ని ఏమంటారో, ఆ పేరు మా అక్క వెంట అత్తగారింటికి కూడా పోతుందేమో అని భయమేసింది. నాయన నా మాట పూర్తిగా విన్నాడు. కోప్పడతాడనుకున్నాను. కాగితం తీసుకుని మళ్ళీ మడిచి జేబులోనే పెట్టుకున్నాడు. "నువ్వు ఏడవాకు. ముందు మూర్తం కానీ" అన్నాడు. వంటాయనను పక్కకు పిలిచి, "మళ్ళా ఎసురు పెట్టాలంటే ఎంతసేపు పడతాది?" అన్నాడు. వంటాయన కూరగాయలు తేవాలన్నాడు, బియ్యం తేవాలన్నాడు, చివరికి "అమ్మవారి దర్శనం చేసుకోని వచ్చేంత సేపన్నా కావల్లన్నా" అన్నాడు. అది మామూలుగా తిరుపతిలో వాడే మాటే. నాయన మాత్రం ఆ మాట దగ్గర ఆగిపోయాడు.

తాళి కట్టారు. అక్షింతలు పడ్డాయి. జనం బంతుల వైపు కదలబోయేంతలో నాయన మేళగాళ్ళ మైకు అందుకున్నాడు. జన్మలో ఆయన మైకు పట్టుకోవడం అదే మొదలు, అదే చివర.

"మా ఊరోళ్ళు అందురూ ఒక మాట వినండప్పా. తిరపతి దాకా వచ్చి దేవుణ్ణి సూడకుండా కడుపు నింపుకోని పోతే బాగుంటాదా? బస్సు ఆడే ఉండాది. అలివేలుమంగాపురం పొయ్యి అమ్మవారిని సూసుకోని రాండి. మీరు వచ్చేతలికి ఆకులు పరిసి పెట్టుంటాం."

వెనకనుంచి ఒకాయన, "తిని పోతే కాదా అబ్బా?" అన్నాడు. నాయన తడుముకోకుండా, "ఉపాసంగా పోతేనే కదప్పా ఫలం" అన్నాడు. అమ్మవారి పేరు చెప్పాక కాదనేదెవరు? ఊరు మొత్తం మళ్ళీ బస్సెక్కింది, పైన ఎక్కేవాళ్ళు పైన ఎక్కారు. వాళ్ళను చూసుకోవడానికి నన్ను పంపించాడు నాయన. పోయేముందు నా తల మీద చెయ్యి పెట్టి, "తొందర పడాకు. క్యూ ఎంత పొడుగుంటే అంత మంచిది" అన్నాడు. అక్క పెళ్ళి ఫోటోల్లో భోజనాల దగ్గర నేను ఒక్కదాంట్లోనూ ఉండను. ఆ టైముకు నేను క్యూలో ఉన్నాను.

క్యూ అమ్మవారి దయవల్ల మెల్లగా కదిలింది. అవ్వ కూడా వచ్చింది మాతో. నా మొహం చూసి విషయం రాబట్టింది. అంతా విని, ముందు నమ్మలేదు. "లాభం అంటే దానికి తెల్దా? మరి ఎల్లు కొడితే తక్కింది అదే రాసిందే" అంది. అదెలా జరిగిందో నాకూ అప్పటికి తెలియదు. కొంచెం దూరం నడిచాక ముందూ వెనకా నిలబడ్డ మా ఊరి జనాన్ని చూసింది. అందరూ ఇంటికొకరుగా వచ్చినవాళ్ళే, కొందరైతే ఇంట్లో ఉండేదే ఒకరు. "ఒంటిమనిషిని లెక్కలోంచి తీసేస్తే ఇంగ ఊర్లో మిగిలేదెవురు మే?" అంది. కోపంగా కాదు, నిజంగా తెలుసుకుందామనే అడిగింది. నాకు ఏడుపొచ్చింది. ఆమె కొంగుతో నా మొహం తుడిచి, "అమ్మోరి ముందర ఏడస్తా పోవాకు, పెండ్లిలో ఏమో అయ్యిందనుకుంటాది" అంది.

మేం తిరిగొచ్చేసరికి ఆకులు పరిచి ఉన్నాయి. పొగలు కక్కే అన్నం, అప్పుడే దించిన పప్పు, రసం, కమ్మటి వడలు. మగపెళ్ళివారు పొద్దున వండింది తిన్నారు, మా ఊరివాళ్ళకు మాత్రం వేడివేడిగా పడింది. దర్శనమయింది, కడుపు నిండింది, పొట్లంలో కుంకుమ ఉంది. బస్సెక్కేటప్పుడు తిని పోతే కాదా అన్న ఆయనే నాయన చెయ్యి పట్టుకుని, "పెండ్లికి పిలిసి దర్శనం జేయించినావు. ఇట్లాంటి యోచన మాకెవురికీ రాలేదబ్బా" అన్నాడు. నాయన తలవంచుకుని, "ఏదో అమ్మవారి బుద్ధి" అన్నాడు. జేబులో కాగితం బయటికి కనబడుతోంది.

అంతటితో పోలేదు అది. ఆ తర్వాత మా ఊళ్ళో పెళ్ళి ఎవరిదైనా, పిలవడానికి పోగానే, "దర్శనం ఉండాదా?" అని అడగడం మొదలైంది. తడలో పెళ్ళి పెట్టుకున్నవాళ్ళు బస్సును సూళ్ళూరుపేట చెంగాళమ్మ గుడికి తిప్పాల్సి వచ్చింది. చిత్తూరులో చేసినవాళ్ళు కాణిపాకం చూపించారు. ఇప్పటి పిల్లలు అది తాతల నాటి ఆచారం అనుకుంటున్నారు. నేనేమీ అనను. మా సారుకు మాత్రం ఫలితం చెప్పాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని, "ప్లస్సు పెట్టి ఒక్కొక్కటే కూడి ఉంటే అప్పుడే తప్పని అరిచేదమ్మా, నేనేమో సులువు దారి నేర్పితిని" అని చాలాసేపు బాధపడ్డారు. తర్వాత నేను చేసిన ఉద్యోగాలన్నీ ఆ గళ్ళలోనే. ఎడమవైపుకు జరిగి కూర్చున్న అంకె కనిపిస్తే చాలు, ఇప్పటికీ నా కన్ను ముందు అక్కడికే పోతుంది.

అవ్వ లేదు, నాయనా లేడు. మా ఆయన కూడా పోయాడు. మొన్న మా అక్క కూతురు తన పెళ్ళికని అందరి ఫోన్లకూ ఒక లింకు పంపించింది. తెరిస్తే అవే గళ్ళు. అందరి పేర్లూ ఉన్నాయి, ఎవరి పేరు పక్కన వాళ్ళు ఎంతమంది వస్తారో వేయాలి. నా పేరు దగ్గరికి వచ్చి ఆగిపోయాను. వేలు ఒకటి మీద ఉంది. నొక్కబుద్ధి కాలేదు. బాధేసింది, దాచుకోవడమెందుకు. LABHAM అని కొట్టాను. అది చక్కగా ఎడమవైపుకు వెళ్ళి కూర్చుంది.

సాయంత్రం పిల్ల ఫోను చేసింది. "పిన్నీ, నీ గడిలో ఏందో రాసినావే. అంకె కదా వెయ్యాల్సింది? టోటల్లోకి రాలేదు" అంది. నేను జవాబు చెప్పేలోపల వెనకనుంచి మా అక్క గొంతు వినబడింది.

"దాన్ని మార్చాకు మే. అట్లే ఉండనీ. టోటల్లోకి రాకపోతే నేను చేత్తో కలుపుకుంటా."

ఫోను పెట్టేశాక ఆ గళ్ళు మళ్ళీ తెరిచి చూశాను. ఏసీ గదిలో అవ్వ పక్కన కూర్చుని L కొట్టి మురిసిపోయిన ఆ పిల్ల గుర్తొచ్చి నవ్వొచ్చింది. ఆ పిల్ల రాసినదాంట్లో తప్పేమీ లేదు, మిషనును కూడమని అడిగిన చోటే తప్పు. ఆ తర్వాత లేచి, పెళ్ళికి ఏ చీర కట్టుకోవాలా అని బీరువా తెరిచాను.